పొంగితే మైనస్ వంద

జూన్ 2, సోమవారం

పొద్దున 6:40. పాలు పొంగాయి. మళ్ళీ!

పొంగితే పొంగాయి, ఈసారి మంటను కూడా ఆర్పేశాయి. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. అప్పుడు నేను ఎక్కడున్నాను? పొయ్యి పక్కనే! చేతిలో ఫోన్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మా కంపెనీ వాళ్ళు అందరూ చేసి తీరాలన్న ఆన్‌లైన్ కోర్సు చూస్తున్నాను. డ్యూటీకి బయలుదేరిన నా భార్య రూప, మర్చిపోయిన ఐడీ కార్డు కోసం మెట్ల మీది నుంచి వెనక్కి వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోతే ఏమయ్యేదో ఆలోచించడం లేదు.

కోర్సు పేరు: అనిశ్చిత నాన్‌లీనియర్ వ్యవస్థలను రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో నియంత్రించడం. నియంత్రణ గురించి పాఠం వింటూ పాలు పొంగించాను.

రూప అరవలేదు. అరిచినా బాగుండేది. కిటికీలు తీసింది, రెగ్యులేటర్ కట్టేసింది, అప్పుడు అంది: "నేను బెంగళూరు పోను. మామయ్యను నీ మీద ఇడిశిపెట్టి మూడు వారాలు ఎట్ల పోత?"

బెంగళూరు అంటే ఐసీయూ నర్సుల శిక్షణ. ఇన్నేళ్ళ సర్వీసులో ఆమె పేరు రావడం ఇది మూడోసారి. మొదటిసారి మా అమ్మ జబ్బుపడి ఆగిపోయింది. రెండోసారి నాన్న తుంటి ఆపరేషన్. మూడోసారి అర లీటరు పాలు! వెళ్తానని కాగితం మీద సంతకం పెట్టడానికి గడువు పదమూడో తారీఖు. నాకు నిజంగా సిగ్గేసింది.

తీర్మానం: పాల మీద కన్నేసి ఉంచే పని ఇక మనిషికి అక్కర్లేదు. ఆ పని చేసే మిషన్ తయారు చేస్తాను. కోర్సుకు ప్రాజెక్టు అవుతుంది, రూపకు ప్రయాణం అవుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు!

పాలు అంటే నాన్‌లీనియర్ వ్యవస్థే. పది నిమిషాల పాటు నోట్లో వేలు పెట్టినా కొరకనట్టు ఉంటాయి. పదకొండో నిమిషంలో వంటిల్లంతా వాటిదే. ఇక అనిశ్చితి అంటే బీరయ్య, మాకు పాలు పోసే ఆయన. ఏ రోజు ఏ బర్రె పాలు తెస్తాడో ఆయనకే తెలియదు.

జూన్ 3, మంగళవారం

కోఠి వెళ్ళి వచ్చాను. తెచ్చినవి: ఒక చిన్న బోర్డు, దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్, దూరం కొలిచే సెన్సర్. అటక మీది ఇండక్షన్ స్టవ్ దించాను. (గ్యాస్ జోలికి పోతే నన్నే అటకెక్కిస్తానంది రూప.) సెన్సర్‌ను అప్పడాల కర్రకు కట్టి గిన్నె మీద వేలాడదీశాను. పాలు ఎంత పైకి వచ్చాయో అది చూస్తుంది. వేడి ఎంత పెట్టాలో బోర్డు తేలుస్తుంది.

రూపకు వివరించాను. "దానికి సూత్రాలేం చెప్పను. మంచిగ చేస్తే ప్లస్ మార్కు, తప్పు చేస్తే మైనస్. తనంతట తనే నేర్చుకుంటది."

"పెండ్లయిన కాడికెళ్లి నేను చేస్తున్నది గదే గద. ఏం నేర్చినవ్?"

మార్కులు రాసుకున్నాను. పొంగుకు వచ్చి, అంచు దాటకుండా సన్న సెగ మీద మరిగిన ప్రతి నిమిషానికి ప్లస్ ఒకటి. (అలా మరిగితేనే మీగడ మందంగా వస్తుంది. నాన్నకు మీగడ కావాలి.) పొంగిపోతే మైనస్ పది.

రూప తొంగి చూసింది. "పది ఏంది? నూరు పెట్టు. పొయ్యి తుడిశేదాన్ని నేను చెప్తున్న."

పొంగితే మైనస్ వంద. ఖాయం.

ఆమె షరతు కూడా ఖాయం: వరుసగా మూడు పొద్దులు పాలు పొంగకపోతే సంతకం పెడుతుంది. ఆమె పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతుంది కాబట్టి సాక్షి నాన్న.

నాన్న అంతా విని ఒకే మాట అన్నారు: "ఈల ఏసే పాల గిన్నె దొరుకుతది గదరా బేగంబజార్ల?"

నాన్న పేరు ఇస్సాకు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఈల వేసేదేదైనా ఆయనకు ఇష్టమే. ఈల వేయడం వేరు, నేర్చుకోవడం వేరు.

జూన్ 5, గురువారం

6:20 బీరయ్య పాలు. 6:25 ప్రారంభం. చిన్న ప్రార్థన.

6:36 పొంగాయి.

మిగిలిన పాలతో సాయంత్రం దాకా ఇంకో మూడుసార్లు. మూడుసార్లూ పొంగాయి. మొత్తం మైనస్ నాలుగు వందలు. ఫికర్ లేదు! మొదట్లో తప్పులు చేయాలి, తప్పులే దానికి పాఠాలు. కోర్సులో స్పష్టంగా చెప్పారు.

నాన్నకు టీ గంట ఆలస్యం. "అది నేర్సేలోపు నేను పోతరా," అన్నారు.

జూన్ 6, శుక్రవారం

పొంగలేదు!!!

నమ్మలేకపోయాను. ఐదుసార్లు ప్రయత్నం, ఐదుసార్లూ ఒక్క చుక్క కిందపడలేదు! డ్యూటీ నుంచి వచ్చిన రూపను చెప్పులు కూడా విప్పనీయకుండా వంటింట్లోకి లాక్కొచ్చాను. ఆమె గిన్నెలో వేలు పెట్టింది.

చల్లగా ఉన్నాయి.

పొంగితే మైనస్ వంద అన్నాను కదా. అసలు కాయకపోతే పొంగే ప్రసక్తే లేదని మిషన్ నేర్చుకుంది. వేడి సున్నా పెట్టుకుని హాయిగా కూర్చుంది.

రూప పడీ పడీ నవ్వింది. "గిది నీ కాన్నే నేర్సింది. పని చేస్తెనే గద తప్పు బట్టేది!"

జూన్ 7, శనివారం

బక్రీద్ సెలవు. రోజంతా ప్రయోగాలే.

కొత్త నియమం: మరగకుండా ఊరికే గడిపిన ప్రతి నిమిషానికి మైనస్ ఇరవై. చూద్దాం ఎలా కూర్చుంటుందో!

కూర్చోలేదు. వేడి పూర్తిగా పెట్టి, పొంగు రాగానే ఆగకుండా పొంగించేసింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. మధ్యాహ్నానికి అర్థమైంది. సెగ తగ్గిస్తే పాలు కిందికి దిగుతాయి, దిగితే మళ్ళీ నిమిషానికి ఇరవై. దానికంటే ఒక్కసారి పొంగించి వంద వేయించుకుంటే ఆట ముగిసిపోతుంది, ఆ తర్వాత ఏ మైనస్సూ ఉండదు. బడి ఎగ్గొట్టడానికి కాలు విరగ్గొట్టుకునే రకం!

దాని తెలివికి ముచ్చటేసింది. పొయ్యిగట్టు తుడిచేటప్పుడు వేయలేదు.

ఇంట్లో మూడు రోజులుగా మిగిలిన పాలతో సేమియా పాయసం. పక్కింటి వాళ్ళు మటన్ పంపారు, మేము గిన్నెలో పాయసం పెట్టి తిరిగి పంపాము. నాన్న ఆ గిన్నె వెళ్ళిన వైపే చూస్తూ, "వాళ్ళకన్న జర మొత్తం పోయరాదురా," అన్నారు.

జూన్ 9, సోమవారం

ఎక్కడ పొరపాటు పడ్డానో తెలిసింది! నిజం పాలతో నేర్పకూడదు. ముందు లాప్‌టాప్‌లో నేర్పాలి. లెక్కలతోనే పాలు, లెక్కలతోనే గిన్నె. అందులో ఎన్నిసార్లు పొంగినా తుడవక్కర్లేదు.

సాయంత్రానికి పదివేల సార్లు కాచింది. చివరి వెయ్యిసార్లలో ఒక్కటీ పొంగలేదు! నేను గాల్లో తేలుతున్నాను.

జూన్ 10, మంగళవారం

బీరయ్య ముఖం మాడ్చుకుని వచ్చాడు. నాన్న చెప్పినట్టున్నారు.

"పదివేల సార్లు పాలు కాశిండ్రంట గద. ఏం సార్, ఇంకెవరితోనన్న పోయించుకుంటున్నరా?"

లెక్కల పాలని చెప్పాను.

"చిక్కగుంటయా?"

6:25 నిజం పాలు పోశాను. 6:33 నిజంగానే పొంగాయి. పది కాదు, పన్నెండు కాదు, ఎనిమిది నిమిషాలకే!

లాప్‌టాప్‌లో పాలు రోజూ ఒకేలా ఉంటాయి. బీరయ్యవి నిన్న చిక్కన, ఇవాళ పల్చన. అడిగితే, "బర్లు గూడ మనసున్నయే గద సార్," అన్నాడు. పోతూ పోతూ వంటింటి వైపు చూసి, "పొంగుతె మంచిదే గద. మా లాల్‌దర్వాజల కొత్తిల్లయితె కావాలనే పొంగిస్తరు," అన్నాడు. ఈ మాట మిషన్ చెవిన పడకూడదు.

సాయంత్రం రూప మంచం కింది సూట్‌కేసు లాగి దుమ్ము తుడిచింది. కాసేపు అలాగే కూర్చుంది. మళ్ళీ లోపలికి తోసేసింది. నేను చూడలేదనుకుంది. గడువుకు ఇంకా మూడు పొద్దులే ఉన్నాయి.

జూన్ 11, బుధవారం

విజయం! పాలు పొంగలేదు, చల్లగా కూడా లేవు! (స్వల్ప మానవ సహాయంతో.)

అంటే, భద్రత కోసం నేను పక్కన నిలబడ్డాను. ఒక చెయ్యి ప్లగ్గు మీద, ఒక చేతిలో గరిటె. రెండు చేతులూ అయిపోయాయి కాబట్టి ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టాల్సి వచ్చింది. అంచు దాకా రాగానే ప్లగ్గు పీకాను. దిగగానే పెట్టాను. ఇది నియంత్రణ కాదా? విమానంలో పైలట్ ఉండడా?

జూన్ 12, గురువారం

రెండో పొద్దు. విజయం. మానవ సహాయం కొంచెం పెరిగింది.

మిషన్ చేసినవి: బోర్డు మీది ఎర్ర దీపం వెలిగించింది.

నేను చేసినవి: మిగతావి.

జూన్ 13, శుక్రవారం

మూడో పొద్దు. పొంగలేదు!

రూప సాయంత్రం రాగానే నాన్నను అడిగింది. "పొంగలే బిడ్డా. నా కండ్లార చూసిన," అన్నారు నాన్న. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నా వైపు తిరిగింది. "మిషనేనా?"

"సిస్టం," అన్నాను. సిస్టం అంటే మిషన్, గిన్నె, స్టవ్, పక్కన నిలబడ్డవాడు అన్నీ. కోర్సులో అలాగే ఉంది.

సంతకం పెట్టిన కాగితం ఫొటో వాళ్ళ సూపరింటెండెంట్ మేడమ్‌కు పంపి, ఫోన్ పక్కన పెట్టి, నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో! మిషన్‌ను తర్వాత బాగు చేసుకోవచ్చు. మూడు వారాలు ఉంది.

జూన్ 15, ఆదివారం

చర్చిలో ఆరాధన ముగియగానే హడావిడి. నర్సు కదా, ఇంట్లో ప్రతిదానికీ మందు రాసిపెట్టింది. చివర్లో ఇంట్లో ఉన్న చార్జర్లన్నీ సంచిలో కుక్కింది. ఫలక్‌నుమాలో లోకల్ ఎక్కి కాచిగూడ వెళ్ళాము. రైలు కదిలే ముందు కిటికీలోంచి అంది: "నిన్ను గాదు, నీ మిషన్‌ను నమ్మి పోతున్న."

ఇంటికొచ్చే దాకా ఆ మాట చెవిలో గుచ్చుతూనే ఉంది. రేపటి నుంచి మిషన్ మీద గట్టిగా పని చేస్తాను. ప్రమాణపూర్తిగా!

జూన్ 16, సోమవారం

6:15 అడాప్టర్ లేదు!

వెతికిన చోట్లు: బల్ల కింద, బైబిళ్ళ అలమార, బియ్యం డబ్బా, నాన్న దిండు కింద. (నాన్న ఇంకా దిండు మీదే ఉన్నారు. లొల్లి.) అడాప్టర్ లేకపోతే బోర్డు వెలగదు. బోర్డు లేకపోతే మిషన్ ఒట్టి అప్పడాల కర్ర.

చేసేదేముంది? ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టి నేనే నిలబడ్డాను. పొంగు వచ్చింది, తగ్గించాను. మీగడ మందంగా కట్టింది.

సాయంత్రం రూప ఫోన్. వెంటిలేటర్ల గురించి, తన బ్యాచ్ గురించి ఆపకుండా చెప్పింది. అంత హుషారుగా మాట్లాడటం పెళ్ళైన కొత్తలో విన్నాను. మధ్యలో, "మిషన్ ఎట్లుంది?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. "అద్భుతం," అని వచ్చింది.

ఆమె అంది: "దానికి శభాష్ అన్ననని చెప్పు."

చెప్తానన్నాను. శభాష్ మిషన్‌కైతే నాకెందుకు హాయిగా ఉందో తెలియదు.

రేపు కోఠి వెళ్ళి కొత్త అడాప్టర్ కొనాలి.

జూన్ 18, బుధవారం

అడాప్టర్: రేపు.

పాలు: పొంగలేదు.

రూపకు చెప్పినవి: మిషన్ బీరయ్య పాలు చిక్కనో పల్చనో చూడగానే గుర్తుపడుతోంది. (పట్టింది నేను. పల్చనైతే నురగ పెద్ద పెద్ద బుడగలుగా వస్తుంది.) పొంగు రాబోతుంటే దానికి ముందే తెలుస్తోంది. (నాకు తెలుస్తోంది. అంచుల దగ్గర సన్నగా ముడుతలు పడతాయి.)

"అబ్బ! నిన్నటికంటె మెరుగైంది. మస్తు నేర్చుకుంటుంది," అంది రూప.

నాన్న పక్కనే కూర్చుని అంతా విన్నారు. ఫోన్ పెట్టగానే గ్లాసు ముందుకు జరిపారు. "మీగడ మొత్తం నాకే. లేకుంటె కోడలికి చెప్త."

రిటైరైన రైల్వే ఉద్యోగి, చర్చి పెద్ద! ఎవరికి చెప్పుకోను?

జూన్ 20, శుక్రవారం

ముంచింది! రూప తన బ్యాచ్ మొత్తానికీ నా మిషన్ గురించి చెప్పిందట. "అందరు చూస్తమంటుండ్రు. వీడియో పంపు."

కోఠికి వెళ్ళే టైం లేదు. ఎర్ర దీపం వెలగాలి. నాన్నే మార్గం చెప్పారు. టార్చిలైటుకు ఎర్ర గాజు కాగితం చుట్టి, బోర్డు డబ్బా వెనక కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు ఎర్ర దీపం చూపించిన చెయ్యి. వీడియో పూర్తయ్యే దాకా వణకలేదు. నేను మాత్రం స్టవ్ బటన్‌ను గరిటె చాటున నొక్కుతూ చెమటలు కక్కాను.

పంపాను. రూప జవాబు: "మస్తుగుంది. దీపం ఇంకా మంచిగుంది."

దీపం ఎందుకు బాగుందో అడగలేదు.

జూన్ 21, శనివారం

6:30 పాలు స్టవ్ మీద ఉండగా ఫోన్ మోగింది. రూప! ఎప్పుడూ సాయంత్రమే చేస్తుంది. ఏమైందోనని కంగారుపడి ఫ్రిజ్ మీది నుంచి తీశాను.

"ఏం లేదు, ఊకెనే చేసిన. పాలు పెట్టినవా?"

"మిషన్ పెట్టింది."

"మిషన్ నడుస్తుందా?"

"ఫస్ట్ క్లాస్‌గ నడుస్తుంది."

"నల్ల వైరు, చిన్న డబ్బా, మీద తెల్ల స్టిక్కర్. నా సంచిల ఉంది."

అడాప్టర్! పక్క గదిలో నాన్న మంచం కిర్రుమనడం ఆపింది.

"ఎప్పుడు చూసినవ్?" అన్నాను.

"రైల్లనే. ఫోన్ చార్జింగ్ పెడదామని తీస్తే అది వచ్చింది. సాయంత్రం నీకు చెప్దామనే ఫోన్ జేసిన. నువ్వు అద్భుతం అన్నవ్."

"మరి చెప్పలేదేంది?"

"ఎందుకు జెప్పాలె? ముందుగాల కోపమొచ్చింది, మొదటి శభాష్ కోపంతోనే అన్న. నైటంత ఆలోచించిన. అబద్ధం జెప్తున్నడు, నిజమే. గని పాలు పొంగుతలేవు, మామయ్యకు టీ టైంకు పడుతుంది. ఎవరో ఒకరు పొయ్యి కాడ నిలబడుతుండ్రు గద." మళ్ళీ అంది: "రోజు శభాష్ అన్న. మిషన్‌కు అన్ననని అనుకున్నవా?"

ఇన్నేళ్ళలో ఇంట్లో నేను చేసిన పనికి శభాష్ అనిపించుకోవడం ఇదే మొదటిసారని అప్పుడే తట్టింది. ఏదో చెప్పాలి. కళ్ళు చెమర్చి కిటికీ వైపు తిరిగాను. "రూపా," అన్నాను. "నువ్వు లేకుంటె..."

సుయ్య్య్!

"ఏం సప్పుడది?"

చెప్పక్కర్లేకపోయింది. అటు నుంచి నవ్వు. హాస్టల్ గది మొత్తం మేల్కొనేంత నవ్వు. నవ్వు ఆపుకుని అంది: "మైనస్ వంద. తుడువు."

జూన్ 22, ఆదివారం

తీర్మానం: ఇవాళ్టి నుంచి కొత్తగా మొదలు. మొదటి రోజు! మిషన్ అటక మీద. ఫోన్ ఫ్రిజ్ మీద, మోగినా సరే. నేర్చుకునేవాడు నేను, డానియేలు, వయసు నలభై ఆరు. మార్కులు వేసేది రూప.

6:20 బీరయ్య. పల్చన.

6:31 ముడుతలు పడ్డాయి. తగ్గించాను.

6:40 పొంగలేదు! మీగడ మందం. నాన్నకు సగమే ఇచ్చాను. ఇక బెదిరించడానికి ఏమీ మిగల్లేదు కదా.

రూపకు మెసేజ్ పెట్టాను. జవాబు: "ప్లస్ ఒకటి."

అయితే నిన్నటి మైనస్ వంద తీరడానికి ఇంకా తొంభై తొమ్మిది పొద్దులు. అది అన్యాయమని ఫోన్ చేసి వాదించాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొంగకుండా కాచిన ఐదు రోజుల సంగతేంటి?

"అవి మిషన్ ఖాతల ఏసినవ్ గద," అంది. "దానియి నీకెట్లిస్త?"

ఫోన్ పెట్టేశాక కాలెండర్ ముందు నిలబడి లెక్క వేశాను. ఆమె ఇంటికొచ్చేది రెండు వారాల్లో. నా మైనస్సులు తీరేది దసరాకు. పొంగితే పది చాలంటే వినకుండా, ఆ రోజు నూరు పెట్టించింది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది.